వెయ్యి కుర్చీల లెక్క: ఓరుగల్లు టాకీసులు ఎందుకు చిన్నబోయాయి

వరంగల్, హనుమకొండ, కాజీపేట కలిసి ఒక్కటైన నగరంలో టాకీసులు ఒక్కటొక్కటిగా ఎందుకు మూతపడుతున్నాయని అడిగితే సిద్ధంగా ఉండే జవాబు ఒకటుంది: మొదట టీవీ దెబ్బతీసింది, తర్వాత కేబుల్ వచ్చింది, ఇప్పుడు అందరూ ఫోనులోనే సినిమా చూస్తున్నారు. ఈ జవాబులో అబద్ధం లేదు గానీ కాలాల లెక్క కుదరదు. వీడియో క్యాసెట్లు అద్దెకు దొరికిన ఎనభయ్యో దశకంలోనూ, కేబుల్ తీగలు వాడవాడకూ పాకిన తొంభయ్యో దశకంలోనూ తెలంగాణ పట్టణాల్లో కొత్త థియేటర్లు కట్టారు, పాతవాటికి డీటీఎస్ శబ్ద పరికరాలు తెచ్చారు, ఏసీలు బిగించారు. పోటీ అప్పటికే ఇంట్లోకి వచ్చి కూర్చున్నా పెద్ద హాలు తట్టుకుంది. అది తట్టుకోలేని పరిస్థితి 2010 తర్వాతే దాపురించింది. దానికి కారణం వెతకవలసింది ప్రేక్షకుడి ఇంట్లో కంటే ముందు ప్రొజెక్టర్ గదిలో. ఎనిమిది వందలో, వెయ్యో కుర్చీలున్న హాలు సినిమా ప్రింట్లు, అంటే హాల్లో ఆడించే ఫిల్ము కాపీలు, తక్కువగా ఉన్న కాలానికి సరిపడేట్టు కట్టిన భవనం. ప్రింటు అనే వస్తువే లేకుండా పోయాక ఆ కుర్చీల్లో చాలావాటికి వారంలో నాలుగైదు రోజులు పని లేకుండా పోయింది.

ఓరుగల్లుకు సినిమా రైలు మీద వచ్చిందంటే అతిశయోక్తి కాదు. నిజాం రైలు మార్గం 1889 నాటికే వరంగల్ మీదుగా బెజవాడను చేరింది. 1929లో కాజీపేట-బల్లార్షా మార్గం పూర్తయ్యాక ఢిల్లీ-మద్రాసు ప్రయాణానికి కాజీపేట కూడలిగా మారింది. తెలుగు సినిమా వ్యాపారానికి బెజవాడ, హిందీ సినిమాకు బొంబాయి కేంద్రాలుగా ఎదిగిన రోజుల్లో బెజవాడ నుంచి ఈ మార్గంలో హైదరాబాదుకు వెళ్ళే ఫిల్ము డబ్బా వరంగల్ స్టేషను దాటే వెళ్ళాలి. తొలి తెలుగు టాకీ 1932లో విడుదలైంది. రెండేళ్ళకే, 1934లో, వరంగల్‌లో ఆజంజాహి మిల్లు మొదలైంది. నెలనెలా చేతికి జీతం వచ్చే వేలాది కార్మికులు, రైల్వే ఉద్యోగులు, ధాన్యం పత్తి వ్యాపారులు, వారి దగ్గర పనిచేసే హమాలీలు ఒకేచోట ఉన్న ఊరు సినిమా హాలుకు ఎంత అనువైనదో వేరే చెప్పనక్కరలేదు. పంట చేతికొస్తే తప్ప నగదు కనిపించని పల్లెకూ, వారానికి ఒక ఆట చూడగల మిల్లు కార్మికుడికీ ఉన్న తేడాయే వరంగల్‌ను సినిమా ఊరుగా చేసింది.

ఈ ప్రాంతపు ప్రేక్షకుడు మొదటినుంచీ రెండు భాషల ప్రేక్షకుడన్నది మరువరాదు. హైదరాబాదు రాజ్యంలో పాలనకూ చదువుకూ ఉర్దూ భాష అయినందువల్ల హిందీ సినిమా ఇక్కడ పరాయిది కాలేదు. కోస్తా పట్టణాల్లో హిందీ సినిమాకు ఉన్న స్థానం కంటే వరంగల్, కరీంనగర్, నిజామాబాదుల్లో దాని స్థానం గట్టిది. మూకీల కాలంలోనే బొంబాయి చేరి కథానాయకుడిగా నిలిచి, 1980 సంవత్సరానికి దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం పొందిన పైడి జైరాజ్ కరీంనగర్‌లో పుట్టినవారే. ఉత్తర తెలంగాణ నుంచి వెళ్ళిన తొలి తార మద్రాసు దారి పట్టకుండా బొంబాయి దారి పట్టడం యాదృచ్ఛికం కాకపోవచ్చు.

పక్కా హాళ్ళు లేని చిన్న ఊళ్ళలో టూరింగ్ టాకీసు తిరిగేది. డేరా, జనరేటరు, ఒకే ఒక్క ప్రొజెక్టరు, నేలమీద కూర్చునే జనం. హైదరాబాదు రాష్ట్రం 1952లో సొంతంగా సినిమా నియంత్రణ చట్టం చేసుకుంది. రాష్ట్రాల పునర్విభజన తర్వాత 1955 నాటి ఆంధ్రప్రదేశ్ సినిమాల నియంత్రణ చట్టం, దాని కింద 1970లో వచ్చిన నియమావళి ఈ ప్రాంతానికీ వర్తించాయి. ఏ హాలు నడవాలన్నా ఫారం-బి లైసెన్సు ఉండాలి. నడవా వెడల్పు ఎంత, బయటికి వెళ్ళే తలుపులు ఎన్ని, ప్రొజెక్టర్ గది గోడలు ఎలా ఉండాలి అన్నవన్నీ ఈ నియమాల్లో రాసి ఉన్నాయి. తెలంగాణ ఏర్పడ్డాకా ఆ చట్రమే కొనసాగుతోంది. పాత టాకీసులన్నీ ఒకే మూసలో పోసినట్టు కనిపించడానికి వాటిని కట్టించినవారి అభిరుచి ఎంత కారణమో ఈ నియమాలూ అంతే కారణం.

ఆ మూసను కొంచెం దగ్గరగా చూడాలి. పాత టాకీసులో అన్నిటికంటే ఎత్తున, వెనక గోడలో, చిన్న చిన్న కిటికీలతో ఉండే గదిలో రెండు ప్రొజెక్టర్లు పక్కపక్కన ఉండేవి. 35 ఎంఎం ఫిల్ము నిమిషానికి 90 అడుగుల చొప్పున నడుస్తుంది కాబట్టి రెండున్నర గంటల సినిమాకు 13,500 అడుగులు కావాలి. రెండు వేల అడుగుల చుట్ట సుమారు 22 నిమిషాల్లో అయిపోతుంది. మొదటి ప్రొజెక్టరులో చుట్ట అయిపోవడానికి కొన్ని క్షణాల ముందు తెర కుడి మూలన పైన చుక్క మెరిసేది. ఆపరేటరు ఆ గుర్తు చూసి రెండోదాన్ని నడిపించేవాడు. చెయ్యి తిరిగిన ఆపరేటరు ఉన్న హాల్లో ఈ మార్పు ప్రేక్షకుడికి తెలిసేది కాదు, లేనిచోట ఈలలు పడేవి. వెలుగుకు మొదట కార్బన్ కడ్డీలు వాడేవారు. రెండు కడ్డీల మొనల మధ్య విద్యుత్తు మండి పుట్టించే ఆ వెలుగును సమానంగా ఉంచడానికి ఒకరు కాపలా ఉండవలసిందే; తర్వాత జినాన్ దీపాలు వచ్చి ఆ శ్రమ తీరింది. 1950ల తొలి సంవత్సరాల దాకా ఫిల్మును నైట్రేట్ పదార్థంతో చేసేవారు. అది అంటుకుంటే నీళ్ళతో ఆర్పడం సాధ్యం కాదు. ప్రొజెక్టర్ గది కిటికీలకు ఇనుప మూతలు, ఆ గదికి బయటినుంచి విడి మెట్లు పెట్టడం వెనక ఉన్న భయం అదే. పదార్థం మారినా ఆ నమూనా మారలేదు.

కింద హాలు పొడవుగా ఉంటుంది. తెర ముందు నేల, తర్వాత బెంచీ, తర్వాత కుర్చీ, పైన బాల్కనీ. ఒకే కప్పు కింద నాలుగు ధరలు, కొన్నిచోట్ల వాటికి వేర్వేరు ద్వారాలు, వేర్వేరు టికెట్ కిటికీలు. ఈ అమరికను వర్గభేదంగా చూసేవారున్నారు, అది నిజమే కూడా. మరో కోణంలో చూస్తే, హమాలీకీ ప్లీడరుకూ ఒకే సినిమా ఒకే గంటలో అమ్మగలిగిన ఏర్పాటు అదొక్కటే. బాల్కనీ టికెట్టు మీద మిగిలేది నేల టికెట్టును చౌకగా ఉంచేది. నేల నుంచి వచ్చే ఈల, చప్పట్లు బాల్కనీకి కావలసిన హుషారును ఇచ్చేవి. వెయ్యి కుర్చీలు నిండాలంటే ఈ నాలుగు తరగతులూ ఉండి తీరాలి. ఒక్క తరగతి జనంతో వెయ్యి కుర్చీల హాలును నింపగల ఊరు ఉత్తర తెలంగాణలో ఎన్నడూ లేదు.

అసలు అన్ని కుర్చీలు ఎందుకు? జవాబు ప్రింటు ధరలో ఉంది. ప్రతి ప్రింటుకూ పాజిటివ్ ఫిల్ము కొనాలి, ల్యాబులో కడగాలి, డబ్బాల్లో పెట్టి పంపాలి. బరువు పాతిక కిలోలకు మించి ఉండేది, ఖర్చు వేలల్లో ఉండేది. అందుకే పంపిణీదారుడు తన ఏరియాకు తక్కువ ప్రింట్లు తీయించుకుని, ఒక్కొక్కటి అరిగేదాకా తిప్పేవాడు. పాత హైదరాబాదు రాజ్యపు సరిహద్దులను అనుసరించి సినిమా వ్యాపారంలో తెలంగాణను ఇప్పటికీ నైజాం ఏరియా అనే పిలుస్తారు. కర్ణాటకలో చేరిన కొన్ని జిల్లాలూ ఇందులో భాగమే. నైజాం ప్రింట్లు ముందుగా హైదరాబాదు, సికింద్రాబాదులకూ, వాటితో పాటు వరంగల్, నిజామాబాదు, కరీంనగర్ వంటి పెద్ద ఊళ్ళకూ వచ్చేవి. అక్కడ నడిచినన్నాళ్ళు నడిచాక జనగామ, నర్సంపేట, పరకాల, మహబూబాబాదు, ములుగు వైపు కదిలేవి. ఏ సెంటరు, బి సెంటరు, సి సెంటరు అనే మాటలు ఈ వరుసలోంచి పుట్టినవే.

దీని ఫలితం రెండు విధాలుగా ఉండేది. మొదటిది, ములుగు వైపు పల్లెలో ఉన్నవాడు సినిమాను వెంటనే చూడాలంటే బస్సెక్కి హనుమకొండకు రావాలి. అంటే వరంగల్ హాలు కేవలం వరంగల్ జనాభాకు కట్టింది కాదు. చుట్టూ నలభై, యాభై కిలోమీటర్ల మేర ఉన్న పల్లెలకు కూడా అదే విడుదల కేంద్రం. కోర్టు పనికి, ఆసుపత్రికి, విత్తనాలకు, పెళ్ళి బట్టలకు వచ్చినవారు మ్యాట్నీ చూసి సాయంత్రం బస్సు పట్టుకునేవారు. రెండోది, సినిమా మెల్లగా అమ్ముడయ్యేది. ఇవాళ టికెట్టు దొరకనివాడు వచ్చే వారం వచ్చేవాడు, అప్పటికీ సినిమా అక్కడే ఉంటుందని అతనికి తెలుసు. యాభై రోజులు, వంద రోజులు, ఇరవై అయిదు వారాలు అన్న పోస్టర్లు అభిమానుల గొప్ప కోసం వేసినవిగా తోస్తాయి గానీ వాటి కింద ఒక సరఫరా లెక్క ఉంది. వెయ్యి కుర్చీలు, రోజుకు నాలుగు ఆటలు, అంటే వారానికి 28 వేల టికెట్లు. సరుకు ఒకేచోట దొరుకుతుంది, కొనేవారు విడతలుగా వస్తారు, కాబట్టి హాలు పెద్దదైనా వారాల తరబడి నడిచేది. ఒకే ప్రింటును రెండు హాళ్ళు పంచుకున్నప్పుడు చుట్టలను సైకిలు మీద అటూ ఇటూ చేరవేసేవారు. డబ్బా రాలేదు కాబట్టి ఆట లేదని బోర్డు పెట్టిన సందర్భాలూ చిన్న సెంటర్లలో అందరికీ తెలిసినవే.

ఉత్తర తెలంగాణలో ఈ లెక్కకు మరో రెండు ప్రత్యేకతలు కలిశాయి. సింగరేణి బొగ్గు గనులున్న గోదావరిఖని, మంచిర్యాల, మందమర్రి, బెల్లంపల్లి వైపు కార్మికులు మూడు షిఫ్టుల్లో పనిచేస్తారు. రాత్రి షిఫ్టు దిగినవాడికి మార్నింగ్ షో, పొద్దుటి షిఫ్టు దిగినవాడికి ఫస్ట్ షో. మామూలు ఊళ్ళో ఆదివారం కోసం ఎదురుచూసే హాలుకు ఇక్కడ బుధవారం కూడా జనం ఉండేవారు. రెండోది పంట డబ్బు. వరంగల్‌లోని ఎనుమాముల మార్కెట్టుకు దసరా దాటిన దగ్గరనుంచి సంక్రాంతి దాకా పత్తి, ఆ తర్వాత ఎండాకాలంలోకి మిరప వస్తాయి. తెలుగు సినిమాకు పెద్ద సీజన్లు దసరా, సంక్రాంతి, వేసవి. సినిమా వాళ్ళు పండుగలనూ సెలవులనూ చూసి తేదీలు పెట్టుకుంటే, ఇక్కడి హాళ్ళకు అవే తేదీల్లో రైతు చేతిలో డబ్బు కూడా ఆడేది. పత్తి ధర పడిపోయిన ఏడాది హాళ్ళమీద ఆ దెబ్బ ఎలా పడుతుందో అర్థం చేసుకోవడానికి వేరే శాస్త్రం అక్కరలేదు. ఆజంజాహి మిల్లు మూతపడటంతో వరంగల్ వైపు హాళ్ళు తమ మొట్టమొదటి ఖాతాదారులను పోగొట్టుకున్నాయి. ఆ తర్వాత నగరపు సినిమా బరువు మెల్లగా హనుమకొండ వైపు, అంటే విశ్వవిద్యాలయం, ఎన్‌ఐటీ, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, ఆసుపత్రులు ఉన్న వైపు ఒరిగింది.

డిజిటల్ ప్రొజెక్షన్ తెలుగు ప్రాంతానికి 2005 తర్వాత మెల్లగా వచ్చి, మరో పదేళ్ళలో ఫిల్మును పూర్తిగా తుడిచిపెట్టింది. సినిమా ఇప్పుడు హార్డ్ డిస్కులోనో ఉపగ్రహం ద్వారానో హాలుకు చేరుతుంది. దాన్ని తెరవడానికి కావలసిన కీ ఏ హాలుకు, ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు అన్న హద్దులతో వస్తుంది. డబ్బా రాకపోవడం పోయి కీ రాకపోవడం వచ్చింది. ఇంకొక కాపీకి అయ్యే అదనపు ఖర్చు నామమాత్రం కావడంతో విడుదల తీరు తలకిందులైంది. పెద్ద సినిమా హైదరాబాదులో, హనుమకొండలో, నర్సంపేటలో, ఏటూరునాగారం దగ్గర ఒకే తెర ఉన్న ఊళ్ళో ఒకే శుక్రవారం పడుతుంది. పల్లె ప్రేక్షకుడు బస్సెక్కవలసిన అవసరం తీరింది; అది అతనికి మేలే. వరంగల్ హాలు మాత్రం తన చుట్టూ ఉన్న యాభై కిలోమీటర్లను ఒక్కసారిగా పోగొట్టుకుంది. ఆ పైన, నగరంలోనే ఉన్న ఏడెనిమిది తెరలు ఒకే సినిమాను మొదటి మూడు రోజులు ఆడించడం మొదలైంది. వంద రోజుల్లో చూడవలసిన జనం మొదటి ఆదివారానికే చూసేశారు. సోమవారం మ్యాట్నీకి వెయ్యి కుర్చీల్లో యాభై నిండితే గొప్ప అనుకునే స్థితికి హాలు చేరింది.

ఓటీటీ చేసిన పని ఈ గొలుసు చివర ఉంది. థియేటరు నుంచి ఫోనుకు చేరే గడువు నాలుగు వారాలకు కుదించుకుపోవడం నష్టమే. అయితే నాలుగో వారానికి ఆ సినిమా హాల్లో ఎలాగూ ఉండటం లేదు. మొదటి వారాంతంలోనే పెట్టుబడి రాబట్టుకోవాలన్న ఆత్రం ముందు పుట్టింది, గడువు తగ్గించుకోవడం దాని వెంట వచ్చింది. ఇందులో ఏది ముందో గుర్తించకపోతే, గడువు ఎనిమిది వారాలకు పెంచితే టాకీసులు బతుకుతాయన్న అమాయకపు ఆశ మిగులుతుంది.

డబ్బు పంచుకునే పద్ధతి ఈ ఇబ్బందిని ఇంకొంచెం పెంచింది. మల్టీప్లెక్సులకు సినిమా ఎక్కువగా శాతం మీద వస్తుంది. హిందీ సినిమాల విషయంలో 2009లో కుదిరిన ఒప్పందం ప్రకారం మొదటి వారం వసూలులో సగం, తర్వాత వారం వారం తగ్గుతూ పంపిణీదారుడి వాటా ఉంటుంది. తెలుగు ప్రాంతపు సింగిల్ స్క్రీన్లు చాలావరకు అద్దె పద్ధతిలో నడిచాయి. హాలు యజమానికి వారానికి ఇంత అని స్థిరమైన అద్దె వస్తుంది, వసూలు పంపిణీదారుడిది. సినిమా వారాల తరబడి నడిచినంత కాలం ఈ పద్ధతి యజమానికి నిశ్చింతనిచ్చింది. ఆట రెండో వారానికే పలచబడ్డాక అద్దె ఇచ్చేవాడు లేడు, శాతం ఇమ్మంటే పెద్ద సినిమా ఇచ్చేవాడు లేడు. 2018 మార్చిలో డిజిటల్ పద్ధతిలో సినిమాను హాళ్ళకు చేర్చే సంస్థల రుసుము మీద నిర్మాతలు తిరగబడి సినిమాలు ఇవ్వడం ఆపేసినప్పుడు దక్షిణాదిలో తెరలు రోజుల తరబడి ఖాళీగా ఉన్నాయి. 2024 మే నెలలో తెలంగాణ సింగిల్ స్క్రీన్లు పది రోజులు ఆటలు ఆపాలని నిర్ణయించాయి. ఎన్నికలు, ఐపీఎల్, పెద్ద సినిమాలు లేకపోవడం వల్ల కరెంటు ఖర్చు కూడా రావడం లేదన్నది వారు చెప్పిన మాట. 2025 మేలో శాతం పద్ధతి కావాలంటూ రెండు తెలుగు రాష్ట్రాల యజమానులు జూన్ నుంచి మూసివేత హెచ్చరిక చేసి తర్వాత వెనక్కి తగ్గారు. కారణాలు వేర్వేరుగా కనిపించినా ఈ మూడు సందర్భాల్లోనూ బయటపడింది ఒక్కటే: హాలుకు అద్దె తెచ్చిపెట్టిన సుదీర్ఘమైన రన్ ఇక లేదు.

టికెట్టు ధర సంగతి చూస్తే తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబరులో ఇచ్చిన ఉత్తర్వు ఇప్పటి వ్యాపారానికి హద్దులు గీసింది. జీఎస్టీ కాకుండా ఏసీ హాలులో కనిష్ఠం 50, గరిష్ఠం 150 రూపాయలు. మల్టీప్లెక్సులో కనిష్ఠం 100, గరిష్ఠం 250. వాలు కుర్చీలకు ఇంకొంచెం ఎక్కువ. పెద్ద సినిమాలకు మొదటి రోజుల్లో విడిగా అనుమతులిచ్చి దీనికి మించి వసూలు చేయనిస్తారన్నది వేరే కథ. జీఎస్టీ 2017 జూలైలో మొదలైనప్పుడు వంద రూపాయల లోపు టికెట్టు మీద 18, ఆపైన 28 శాతం ఉండేది. 2019 జనవరి నుంచి అవి 12, 18 అయ్యాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి వంద లోపు టికెట్టు మీద 5 శాతమే. 150 టికెట్టు పన్నుతో 177 అవుతుంది, వంద టికెట్టు 105 దగ్గర ఆగుతుంది. ఈ తాజా తగ్గింపు నిజానికి పాత టాకీసుకు అందివచ్చిన అవకాశం. వంద లోపు ధర పెట్టి, కింది తరగతి ప్రేక్షకుడిని మళ్ళీ పిలవడానికి పన్ను అడ్డు రాదు. కానీ మొదటి మూడు రోజుల్లోనే అంతా రాబట్టాలనుకునే పంపిణీదారుడు గరిష్ఠ ధరకే పట్టుబడతాడు, నాలుగో రోజు ధర తగ్గిస్తే వచ్చేవాడు అప్పటికే సినిమా పోయిందన్న మాట విని ఉంటాడు. ఒకే హాలులో అయిదారు రెట్ల తేడా ఉన్న ధరలుండే కాలం పోయి ముందు వరుసకూ వెనక వరుసకూ పెద్ద తేడా లేని ధరలు వచ్చాక నేల టికెట్టు ప్రేక్షకుడు లెక్కలోంచి తప్పుకున్నాడు. అతడు లేకుండా వెయ్యి కుర్చీలు నిండవని పైన చెప్పుకున్నాం.

మల్టీప్లెక్సు గెలుపును దాని మెరుపుల్లో, పాప్‌కార్న్ డబ్బాలో చూసేవారు ఎక్కువ. తినుబండారాల మీద వచ్చే ఆదాయం వాటికి పెద్ద ఆధారమన్నది నిజమే. అయినా హనుమకొండలోని ఏషియన్ శ్రీదేవి మాల్, కరీంనగర్‌లోని ప్రతిమ వంటి వాటి అసలు బలం కుర్చీలను ముక్కలు చేయడంలో ఉంది. తొమ్మిది వందల కుర్చీల హాలునూ, రెండు వందల పాతిక చొప్పున నాలుగు తెరలున్న భవనాన్నీ పక్కపక్కన ఊహించుకోవాలి. మొత్తం కుర్చీలు సమానమే. పెద్ద సినిమాను శుక్రవారం ఆ భవనం నాలుగు తెరల్లోనూ ఆడిస్తుంది. సోమవారానికి జనం పలచబడితే దాన్ని ఒక తెరకు కుదించి మిగతా మూడింట్లో ఇంకో తెలుగు సినిమా, ఒక హిందీ, ఒక డబ్బింగు పెడుతుంది. ఖాళీ తెరకు ఏసీ కట్టేస్తుంది. ఒకటే తెర ఉన్న హాలుకు ఆ వెసులుబాటు లేదు. ముప్పై మంది వచ్చినా మూడు వందల మంది వచ్చినా చల్లబరచవలసిన గాలి అంతే, చెల్లించవలసిన హైటెన్షన్ కరెంటు కనీస బిల్లు అంతే, గేట్‌కీపరు, ఆపరేటరు, ఊడ్చేవారి జీతాలు అంతే. చిన్న సినిమాకు పెద్ద హాలు దొరకడం లేదన్న నిర్మాతల ఫిర్యాదుకూ మూలం ఇక్కడే ఉంది: రెండు వందల మంది చూడదగ్గ సినిమాకు రెండు వందల కుర్చీల గది కావాలి. ఈ ఒక్క విషయంలో మల్టీప్లెక్సు సినిమాకు మేలే చేసింది.

ఇక నేల ధర. పాత టాకీసులు కట్టినప్పుడు ఊరి చివరగా ఉన్న చోట్లు ఇప్పుడు ప్రధాన రోడ్లు. సైకిల్ స్టాండు కోసం వదిలిన ఖాళీ స్థలమే ఇవాళ ఆస్తిలో అతి ఖరీదైన భాగం. బట్టల షోరూముకో, సూపర్ మార్కెట్టుకో, ఫంక్షన్ హాలుకో ఇస్తే నెల తిరగగానే అద్దె వస్తుంది, శుక్రవారం జాతకం చూడనక్కరలేదు. ఉత్తర తెలంగాణ పట్టణాల్లో మూతపడిన టాకీసు ఫంక్షన్ హాలుగా తేలడం మామూలే, ఎందుకంటే స్తంభాలు లేని వెడల్పాటి కప్పు, వాహనాలకు చోటు, రోడ్డుకు దగ్గర అనే మూడు గుణాలూ పెళ్ళికి కూడా సరిగ్గా కావలసినవే. సింగిల్ స్క్రీన్లు పార్కింగ్ రుసుము తీసుకోవడానికి 2021లో ప్రభుత్వం అనుమతించినప్పుడు బయట విమర్శలు వచ్చాయి. టికెట్టు మీద మిగలనిది బండి మీద రాబట్టుకోవలసిన దశకు హాలు చేరిందని ఆ కోరికలోనే అర్థమవుతుంది. కొవిడ్ కాలంలో 2020 మార్చిలో మూసిన తలుపులు డిసెంబరులో సగం కుర్చీలకే తెరుచుకుని, 2021 ఏప్రిల్‌లో మళ్ళీ మూతపడ్డాయి. అప్పటికే ఊగిసలాడుతున్న యజమానులు కొందరు ఆ తర్వాత మళ్ళీ తెరవలేదు.

హాలు పోయినా దాని పేరు ఊళ్ళో ఉండిపోవడం తెలంగాణ నగరాల్లో తరచూ కనిపిస్తుంది. సికింద్రాబాదులో ప్యారడైజ్, హైదరాబాదులో లిబర్టీ టాకీసుల పేర్లే. హనుమకొండలో అలంకార్ జంక్షన్ అంటే ఆటోవాడికి చిరునామా చెప్పినట్టే. అశోక, అమృత వంటి పేర్లు హనుమకొండలో సినిమా చూడటానికి మాత్రమే కాక, దారి చెప్పడానికీ కలుసుకునే చోటు నిర్ణయించడానికీ పనికొచ్చాయి. మాల్ లోపల నాలుగో అంతస్తులో ఉన్న మూడో నంబరు తెరకు అలాంటి పేరు రాదు.

పెద్ద హాలుకు ఇప్పటికీ తిరుగులేని సందర్భం ఒకటుంది: అగ్ర హీరో సినిమా మొదటి రోజు. వెయ్యి మంది ఒకే గొంతుతో అరిచే ఆ అనుభవాన్ని రెండు వందల కుర్చీల గది ఇవ్వలేదు. పాత సినిమాలను మళ్ళీ విడుదల చేసే ఈ మధ్యకాలపు వేడుకలు కూడా ఎక్కువగా పెద్ద హాళ్ళలోనే కిటకిటలాడాయి. కానీ ఆ రద్దీ ఎంత ప్రమాదకరమో 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదు సంధ్య థియేటర్ దగ్గర జరిగిన తొక్కిసలాటలో తెలిసింది. ఒక మహిళ ప్రాణం పోయింది, ఆమె కొడుకు తీవ్రంగా గాయపడ్డాడు. 1997లో ఢిల్లీ ఉపహార్ హాలులో మంటలు 59 మందిని బలిగొన్నప్పుడు చర్చ ద్వారాల మీద, తాళాల మీద నడిచింది. ఈసారి హాలు బయటి జనసమ్మర్దం మీద, ప్రత్యేక ప్రదర్శనల మీద నడిచింది. ఏడాదిలో నాలుగైదు రోజులే నిండే హాలు, ఆ నాలుగైదు రోజుల కోసం భద్రతా సిబ్బందిని, దారులను సిద్ధంగా ఉంచుకోవాలి. మిగతా మూడు వందల అరవై రోజుల్లో ఆ ఖర్చు ఎవరు భరించాలన్నది ఎవరూ తేల్చలేదు.

మిగిలి ఉన్న సింగిల్ స్క్రీన్ యజమాని ముందు ఆచరణలో ఉన్న దారి తన హాలును తానే చీల్చుకోవడం: బాల్కనీని ఒక తెరగా, కింది భాగాన్ని ఇంకొకటి రెండు తెరలుగా మార్చడం. నిర్మాణపరంగా అది సాధ్యమే, కొన్ని పట్టణాల్లో జరిగింది కూడా. అయితే ప్రతి తెరకూ విడి ప్రొజెక్టరు, విడి శబ్దం, ధ్వని దాటని గోడ, విడి అత్యవసర ద్వారం కావాలి. ప్లాను మళ్ళీ ఆమోదం పొందాలి, అగ్నిమాపక శాఖ అనుమతి మళ్ళీ తెచ్చుకోవాలి, పాత హాలు పేర ఉన్న లైసెన్సు స్థానంలో కొత్తవి తీసుకోవాలి. ఈ పనులన్నిటికీ పట్టే కాలంలో హాలు మూసే ఉంటుంది, పెట్టుబడి కోట్లలో ఉంటుంది, బ్యాంకు అప్పు వాయిదా మాత్రం నెలనెలా వస్తుంది. అదే సమయంలో పక్క స్థలంలో వెలిసిన బట్టల దుకాణం నెలకు ఎంత అద్దె కడుతున్నదో యజమానికి తెలుసు.